కాంటెస్సా మళ్లీ వస్తుందా? పేరు అమ్ముడై ఏళ్లయింది.. పాత కార్ల ప్రియుల ఆశలు ఎంతవరకు నిజం?

గవర్నర్‌పేట (విజయవాడ): ఏలూరు రోడ్డు సాయంత్రం ట్రాఫిక్‌లో కొత్త ఎస్‌యూవీలు ఎన్ని వెళ్లినా ఎవరూ తల తిప్పి చూడరు. అదే పొడవాటి బానెట్, ముందు నాలుగు గుండ్రటి లైట్లు, ఏపీ 16 నంబరు ప్లేటుతో ఓ పాత కాంటెస్సా కనిపిస్తే మాత్రం జేబుల్లోంచి ఫోన్లు బయటికొస్తాయి. బైకు మీద వెళ్లేవాళ్లు కూడా స్పీడు తగ్గించి వీడియో తీస్తారు. ఆ వీడియో ఎక్కడ పెట్టినా కింద అడిగే ప్రశ్న ఒక్కటే.. "ఇది మళ్లీ వస్తుందంట కదా, నిజమేనా?"

సూటిగా చెప్పాలంటే.. కాంటెస్సా పేరు అమ్ముడైంది. కారు మాత్రం రాలేదు. యూట్యూబ్‌లో "కొత్త కాంటెస్సా లాంచ్.. ధర ఇంతే" అంటూ కనిపించే మెరిసిపోయే బొమ్మలు డిజైనర్లు, అభిమానులు కంప్యూటర్‌లో గీసినవి. ఈ మధ్య ఏఐతో చేసినవీ కలిశాయి. వాటిని చూసి ఎవరైనా బుకింగ్ అంటూ డబ్బు కట్టమంటే కట్టొద్దు.

మరి ఈ ప్రచారం ఎక్కడ మొదలైంది? ఇంట్లో కాంటెస్సా ఉన్నవాళ్లు ఇప్పుడు ఏం చూసుకోవాలి? ఆ వివరాలివి.

2022లో ఏం జరిగింది?

కాంటెస్సాను తయారుచేసింది హిందుస్థాన్ మోటార్స్. బిర్లాల కంపెనీ. అంబాసిడర్ కూడా వీళ్లదే. 2022 జూన్‌లో ఈ కంపెనీ కాంటెస్సా బ్రాండ్‌ను ఎస్‌జీ కార్పొరేట్ మొబిలిటీ అనే సంస్థకు బదిలీ చేస్తూ ఒప్పందం చేసుకుంది. ఆ సంగతి స్టాక్ ఎక్స్ఛేంజీలకు చెప్పగానే దేశమంతా వార్త పాకింది. "మన మజిల్ కారు తిరిగొస్తోంది, ఈసారి ఎలక్ట్రిక్‌గా" అని హెడ్డింగులు పడ్డాయి.

అసలు సంగతేంటంటే ఆ ఒప్పందంలో చేతులు మారింది ట్రేడ్‌మార్కు, దానికి సంబంధించిన హక్కులు. అంటే పేరు. కారు తయారు చేయాలంటే పేరు ఒక్కటే చాలదు కదా. డిజైన్ కావాలి, అచ్చులు కావాలి, ఇంజిన్ కావాలి, ఫ్యాక్టరీ కావాలి, వందల కోట్ల పెట్టుబడి కావాలి.

ఇలాంటిదే అంతకుముందు అంబాసిడర్ విషయంలోనూ జరిగింది. 2017లో ఆ బ్రాండ్‌ను ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. అప్పుడూ ఇదే హడావుడి. 2022లో "అంబాసిడర్ 2.0" అంటూ మరోసారి వార్తలొచ్చాయి. అంబాసిడర్ షోరూమ్‌కి రాలేదు.

ఇక ఫ్యాక్టరీ సంగతి. కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలోని ప్లాంటు 2014 మే 24న ఆగిపోయింది. అక్కడి భూమిని వెనక్కి తీసుకునేందుకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఉత్తర్వులివ్వడం, వ్యవహారం కోర్టుకెక్కడం కూడా అయ్యాయి. పేరు ఒక చోట, గోడలు ఒక చోట. ఈ రెండూ మళ్లీ కలిసే దారి ఇప్పటికైతే కనిపించడం లేదు.

అసలు ఇది ఎక్కడి కారు?

పుట్టింది మన దగ్గర కాదు. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ అనే కంపెనీ ఉంది. అప్పట్లో అది అమెరికా దిగ్గజం జనరల్ మోటార్స్ చేతిలో ఉండేది. ఆ కంపెనీ 1972లో విక్టర్ అనే సెడాన్‌లో కొత్త మోడల్ తెచ్చింది. 1976 నుంచి అదే కారును వీఎక్స్ పేరుతో అమ్మి, 1978లో ఆపేసింది. అక్కడ పాతబడిపోయిన ఆ కారు అచ్చుల్ని హిందుస్థాన్ మోటార్స్ కొని ఇక్కడికి తెచ్చుకుంది. 1984లో కాంటెస్సా పేరుతో రోడ్డెక్కించింది.

కారు చూడగానే అమెరికా బండిలా అనిపించడానికి కారణం ఇదే. గీసింది బ్రిటన్‌లోనే అయినా వెనకున్నది జనరల్ మోటార్స్. పొడవాటి బానెట్, వెనక చక్రాల దగ్గర కాస్త ఉబ్బినట్టుండే ఒంపు, వెడల్పాటి గ్రిల్.. అన్నీ ఆ కాలపు అమెరికా ఫ్యాషన్. అందుకే మన కుర్రాళ్లకు దాన్ని చూస్తే ఫోర్డ్ మస్టాంగో, డాడ్జ్ ఛాలెంజరో గుర్తుకొస్తుంది.

అప్పటి మార్కెట్ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. కారు అంటే అంబాసిడర్, లేదంటే ప్రీమియర్ పద్మిని. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, అది చిన్న కుటుంబాల కారు. కాస్త దర్జా కావాలనుకునేవాళ్లకు మిగిలినవి మూడే.. కాంటెస్సా, ప్రీమియర్ 118 ఎన్‌ఈ, స్టాండర్డ్ 2000. వీటిలో నిలబడ్డది కాంటెస్సా. బండి నాలుగున్నర మీటర్ల పొడవు. వెనక సీట్లో ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. ఏసీ పెట్టించుకోవచ్చు. అధికారి వస్తే అంబాసిడర్, డబ్బున్నాయన వస్తే కాంటెస్సా అన్నట్టుండేది. మన సినిమాల్లో అయితే విలన్ గ్యాంగు దిగాలన్నా, హీరోయిన్ వాళ్ల నాన్న కోపంగా రావాలన్నా చాలాసార్లు ఈ కారు డోరే తెరుచుకునేది.

నిజంగా మజిల్ కారేనా?

ఇక్కడ అభిమానులకు కాస్త కష్టంగా ఉండే మాట చెప్పుకోవాలి. అమెరికాలో మజిల్ కారు అంటే రూపం కాదు, ఇంజిన్. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ లాంటి కార్లలో ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజిన్ ఉండేది. సిగ్నల్ పడితే చాలు, రబ్బరు కాలిపోయేది.

మన కాంటెస్సాకు మొదట్లో పెట్టింది అంబాసిడర్ ఇంజినే. 1,489 సీసీ, నాలుగు సిలిండర్లు, పవర్ చూస్తే యాభై హార్స్‌పవర్ చిల్లర. అంత పెద్ద ఒంటికి ఆ గుండె ఏ మూలకి? ఘాట్ రోడ్డులో నలుగురు ఎక్కి ఏసీ వేస్తే బండి ఆయాసపడేది. పహిల్వాన్ శరీరం, గుమస్తా గుండె!

కారు తలరాత మారింది ఇసుజు ఇంజిన్ వచ్చాకే. జపాన్ కంపెనీ ఇసుజు నుంచి 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు తెచ్చి పెట్టారు. పవర్ 88 హార్స్‌పవర్‌కి చేరింది. ఇప్పటి లెక్కలో ఓ మామూలు హ్యాచ్‌బ్యాక్ పవర్ అది. కానీ ఆ రోజుల్లో హైవే మీద ఆ కారుని దాటాలంటే కష్టమే. పైగా వెనక చక్రాలకు పవర్ వెళ్లే బండి కావడంతో నడిపేవాళ్లకు ఆ సరదా వేరు. తర్వాత 2 లీటర్ల ఇసుజు డీజిల్ ఇంజిన్‌తోనూ వచ్చింది. ఇప్పుడు "కాంటెస్సా క్లాసిక్" అని అభిమానులు వెతికి మరీ కొనేది ఈ ఇసుజు బండ్లనే.

అన్నట్టు, ఆ ఇసుజు ఇప్పుడు మన రాష్ట్రంలోనే ఉంది. శ్రీసిటీలో 2016లో ప్లాంటు తెరిచి పికప్ ట్రక్కులు తయారు చేస్తోంది. కాంటెస్సాకు ప్రాణం పోసిన కంపెనీ ఆంధ్రాలో బండ్లు చేస్తోందంటే అభిమానికి ఆశ పుట్టడం సహజమే. అయితే కాంటెస్సా పేరుతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఎందుకు పోయింది?

1991 తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. మారుతి ఎస్టీమ్, సియెలో, ఓపెల్ ఆస్ట్రా, ఫోర్డ్ ఎస్కార్ట్, 1998లో హోండా సిటీ.. ఒకదాని వెనక ఒకటి దిగాయి. అవన్నీ తేలిక, మైలేజీ ఎక్కువ, నడపడం సులువు. కాంటెస్సా చూస్తే 1972 నాటి బాడీ. పెట్రోలు తాగడంలో దానికదే సాటి. కంపెనీ పెద్దగా మార్పులు చేయలేదు. 2002లో ఆపేశారు.

మరి ఇప్పుడు ఎవరైనా డబ్బు పెట్టి పాత బాడీనే మళ్లీ చేస్తానంటే కుదురుతుందా? కుదరదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 పొగ నిబంధనలు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, సీటుబెల్టు హెచ్చరిక, క్రాష్ టెస్టు అన్నీ తప్పనిసరి. 1972లో గీసిన డోర్లు, పిల్లర్లు ఆ గుద్దుడు పరీక్షకు తట్టుకోవు. కాబట్టి కొత్త కాంటెస్సా అంటూ వస్తే అది కింద నుంచి పైదాకా వేరే కారే. ముఖం మాత్రం పాతది అతికించాలి.

అలా చేసి గెలిచినవాళ్లు లేకపోలేదు. బజాజ్ 2020లో చేతక్‌ను ఎలక్ట్రిక్ స్కూటర్‌గా తెచ్చింది. జావా 2018లో, యెజ్డీ 2022లో తిరిగొచ్చాయి. కార్లలో పెద్ద ఉదాహరణ టాటా సియెర్రా. 1991లో వచ్చి ఆగిపోయిన ఆ బండి 2025 నవంబరులో కొత్త రూపంలో వచ్చింది. వెనక కిటికీ దగ్గరి ఆ పాత ఒంపు తప్ప మిగతాదంతా కొత్తదే. అయితే ఒక్క తేడా గమనించండి. సియెర్రా పేరు, ఫ్యాక్టరీ, ఇంజిన్లు, షోరూమ్‌లు అన్నీ టాటాల దగ్గరే ఉన్నాయి. కాంటెస్సాకు ఆ అదృష్టం లేదు.

మజిల్ కార్ల పుట్టినిల్లు అమెరికాలోనే పరిస్థితి అంతంతమాత్రం. 2008లో డాడ్జ్ ఛాలెంజర్, ఆ మరుసటి ఏడాది షెవర్లే కమారో మళ్లీ వచ్చి అభిమానుల్ని ఊపేశాయి. ఆ తర్వాత ఛాలెంజర్, కమారో రెండూ ఆగిపోయాయి.

ఉన్నవాటిని నిలబెడుతున్నది ఎవరు?

గవర్నర్‌పేట నుంచి బందరు రోడ్డు పట్టుకుని బెంజిసర్కిల్ దాటి ఐదారు కిలోమీటర్లు వెళితే ఆటోనగర్. ఊళ్లో తలో మూల ఉన్న మెకానిక్ షెడ్లను ఒక్కచోటికి చేర్చాలని 1960ల్లో మొదలైంది. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్‌లలో ఒకటని పేరు. లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్ దాకా ఇక్కడ దొరకని పని లేదంటారు. కృష్ణా డెల్టాలో ఎక్కడ పాత బండి ఆగినా, గుడివాడ కానీ తెనాలి కానీ మచిలీపట్నం కానీ, చివరికి చూపు ఇటే తిరుగుతుంది.

పాత కారు విషయంలో ఆటోనగర్ బలం ఏంటంటే, పార్టు దొరక్కపోతే చేసిస్తారు. బుష్షులు లేత్ మీద తీస్తారు. సైలెన్సర్ వంచి పెడతారు. తుప్పు తిన్న ఫ్లోరు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తారు. అంబాసిడర్ ఇంజిన్ ఉన్న తొలి కాంటెస్సా అయితే పాత మేస్త్రిలకు కొట్టిన పిండే. ఇసుజు ఇంజిన్‌కి వస్తే టైమింగ్ బెల్టు, గ్యాస్కెట్లు, కార్బరేటర్ కిట్టు కోసం కాస్త తిరగాలి. అన్నిటికన్నా కష్టం మెకానికల్ పార్టులు కాదు. ముందు అద్దం, వెనక లైట్ల గ్లాసులు, డోరు రబ్బరు బీడింగ్, డాష్‌బోర్డు ప్లాస్టిక్కులు.. ఇవి లేత్ మీద రావు. మరో కాంటెస్సాను విప్పితేనే దొరుకుతాయి. అంటే ఒకటి బతకాలంటే ఇంకొకటి పోవాలి.

డెల్టా వాతావరణం మరో శత్రువు. సముద్రం దగ్గర, గాలిలో తేమ. పాత రేకుకి తుప్పు డోరు అడుగున, డిక్కీ ఫ్లోరులో, చక్రాల పైన మొదలవుతుంది. పైకి పెయింటు మెరుస్తూనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు వేలాది బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. కొత్త బండికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉంటుంది. పాతికేళ్లు దాటిన కారుకి ఇన్సూరెన్స్ లెక్కలో విలువే నామమాత్రం. నీళ్లు తాగిన పాత కారుని కొనేటప్పుడు సీటు కింద కార్పెట్ ఎత్తి చూడటం ఇక్కడ మామూలు జాగ్రత్త అయిపోయింది.

ఇప్పుడు పెట్రోలు కూడా మారింది. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. కాంటెస్సాలోని రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చడం పెద్ద ఖర్చేం కాదు. వదిలేస్తే మాత్రం పెట్రోలు లీకై ఇంజిన్ మీద పడే ప్రమాదం ఉంది. నెలల తరబడి కదలని కార్లలో ఇది ఇంకా ముఖ్యం.

పదిహేనేళ్లు దాటితే తుక్కేనా?

చాలామందికి ఉన్న భయం ఇది. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న 10 ఏళ్ల డీజిల్, 15 ఏళ్ల పెట్రోల్ నిబంధన మన దగ్గర లేదు. ఆంధ్రప్రదేశ్‌లో సొంత కారుకి 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. గ్రీన్ ట్యాక్స్ అదనం.

ఫీజు మాత్రం పెరిగింది. కారు రెన్యువల్‌కి 600 రూపాయలున్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. చివరి కాంటెస్సా తయారైంది 2002లో కాబట్టి దేశంలో మిగిలిన ప్రతి కాంటెస్సా ఈ 10,000 లెక్కలోకే వస్తుంది. ఒక కారు ఉన్నవాళ్లకు ఐదేళ్లకోసారి ఇది భారం అనిపించకపోవచ్చు. షెడ్డులో నాలుగు పెట్టుకున్నవాళ్లు, తుప్పు పట్టినదాన్ని ఎప్పుడో బాగుచేద్దామని వాయిదా వేసినవాళ్లు మాత్రం ఇప్పుడు లెక్కలు వేసుకుంటున్నారు.

ఇంజిన్ మార్చేముందు ఒక్కసారి ఇది చదవండి

మైలేజీ కోసం కాంటెస్సాలో వేరే కంపెనీ డీజిల్ ఇంజిన్ ఎక్కించడం పాత అలవాటు. ఈ మధ్య ఇంజిన్ తీసేసి బ్యాటరీ, మోటారు పెట్టించాలన్న ఆలోచన కూడా మొదలైంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పులకు రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో నమోదు ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు, బానెట్ ఎత్తితే కనిపించే నంబరు ఒకటేనో కాదో చూడాల్సింది ఇందుకే.

దీని వెనక ఇంకో పెద్ద విషయం ఉంది. కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత కార్లు, బైకులు ఈ కోవలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. అప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజువారీ తిరుగుడుకి, వ్యాపారానికి వాడకూడదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు పోయించుకోవడం లాంటి పనులకే తీయాలి.

అసలు షరతు ఒకటుంది. బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే ఇవాళ మైలేజీ కోసం ఇసుజు ఇంజిన్ తీసి పాత ఇనుం కింద అమ్మేసినవాళ్ల కారు రేపు వింటేజ్ గుర్తింపుకి నిలవడం కష్టం.

కొత్త కాంటెస్సా కోసం ఎదురుచూసేవాళ్లకు చెప్పడానికి తేదీ లేదు. పాత కాంటెస్సాకు మాత్రం ఒక సంవత్సరం ఉంది. 1984లో రిజిస్టరైన తొలి బండ్లకు 2034లో 50 ఏళ్లు నిండుతాయి. 1990లో ఏపీ 16 నంబరుతో విజయవాడలో రోడ్డెక్కిన బండికైతే 2040. అప్పటిదాకా ఐదేళ్లకోసారి ఆర్టీఏ ఆఫీసు మెట్లెక్కాల్సిందే.